ఆదివారం తీసిన రక్తం

పదీ పది. ఖాదర్ వలి బూత్‌లో గోడ గడియారం ముల్లు కదిలినప్పుడల్లా చప్పుడు చేస్తుంది. ఫోన్ మోగనంతసేపూ ఆ చప్పుడొక్కటే వినిపిస్తుంది. పదకొండున్నరకి హైదరాబాదులో నా కూతుర్ని లోపలికి పిలుస్తారు. ఐదుగురు పెద్ద డాక్టర్లు బల్లకి అటుపక్క కూర్చుంటారట, ఇటుపక్క క్రిస్టీనా ఒక్కతే. కూర్చోమంటారో, నిలబెట్టే అడుగుతారో. అయిపోయాక బూత్‌కి ఫోన్ చేస్తాను, పన్నెండుకి వస్తే చాలమ్మా అంది. నేను పదికే వచ్చాను. ఇంట్లో చేతులు ఊరుకోలేదు, తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. మిరపకోతకి రానని చెబితే మేస్త్రి నా మొహం వంక చూసి జొరమా అన్నాడు, ఆఁ అన్నాను. ఎంత సులువుగా వస్తుందో నాకు. అడిగినవాళ్ళకి ఏది చెబితే సరిపోతుందో అది నా నాలుక మీద ముందే ఉంటుంది. "ఏంది పున్నమ్మక్కా, నువ్వు రెండు గంటలు ముందొస్తే హైదరాబాదులో గడియారాలు ఉరుకుతాయా?" అన్నాడు ఖాదర్ వలి, జిరాక్స్ మిషను మీద దుమ్ము తుడుస్తూ. "నేను కూర్చుంటే నీ బెంచీ అరిగిపోతదా అబ్బాయ్?" అన్నాను. నవ్వాడు. రోడ్డు మీద మిర్చి బస్తాలతో ట్రాక్టరు గుంటూరు వైపు వెళ్ళింది, దాని వెనకే ఘాటు లోపలికి వచ్చింది, ఇద్దరం తుమ్మాం. తుమ్ము ఆగాక మళ్ళీ గడియారం. పదీ పదిహేను.

ఒళ్ళో సంచిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి చదువుల సంస్థ ఇంగ్లీషులో పంపినది, పైన ముద్ర, కింద సంతకం. రెండోది క్రిస్టీనా నాకోసం తెలుగులో రాసినది, పెద్ద అక్షరాలతో, మాటకీ మాటకీ మధ్య వేలెడు చోటు వదిలి. అలా రాస్తేనే నేను చదవగలనని దానికి తెలుసు. మడతల దగ్గర చిరిగింది, అయినా చూడకుండానే చెప్పగలను ఇప్పుడు. రెండు చదువులు కలిపి చదివేవాళ్ళు రెండింటిలోనూ నిలబడాలి. వైద్యం పరీక్షల్లో ప్రతి సబ్జెక్టులోనూ నూటికి అరవై రావాలి. పరిశోధన పనిని ఆర్నెల్లకొకసారి చూసి తృప్తికరం అని రాయాలి. ఒకటి తప్పితే హెచ్చరిక. ఒకే ఏడాదిలో రెండూ తప్పితే కమిటీ ముందుకి వెళ్ళాలి. కమిటీ ఒప్పుకోకపోతే పరిశోధన చదువు ఆగిపోతుంది, వైద్యం ఒక్కటే చదువుకోవచ్చు, దాచిన నమూనాలు పారేస్తారు. పక్కన చిన్నగా రాసింది, నమూనాలంటే రక్తం అమ్మా అని. ఎవరి రక్తమో రాయలేదు. ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళది, మా పల్లె వాళ్ళది, అందులో నాదీ ఉంది. డాక్టరు చదువు ఎటూ ఉంటది గదా పున్నమ్మా, ఇంకేం గావాల అంటారు పల్లెలో. సూది వేసేవాళ్ళే డాక్టర్లని వాళ్ళ లెక్క, మొన్నటిదాకా నా లెక్కా అదే. కానీ అది సూదులు వేయడానికి వెళ్ళలేదు. పత్తికీ మిరపకీ కొట్టే మందు మన ఒంట్లోకి ఎంత దిగుతుందో, మనిషి పడిపోకముందే అది కనిపెట్టే దారి ఉందేమో చూడాలని వెళ్ళింది. ఆ చదువుకి ఎనిమిదేళ్ళు. చేరడానికి వెళ్ళేరోజు రైల్లో కిటికీ పక్కన కూర్చుని వాళ్ళ నాన్న పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పులిహోర పొట్లం విప్పి ఇద్దరం తిన్నాం, చేతులు తుడుచుకోవడానికి పొట్లం కట్టిన కాగితమే వాడుకున్నాం.

క్రిస్టీనాకి వైద్యం చదువులో మందుల పరీక్షకి యాభై రెండు వచ్చాయి. యాభై రెండంటే సగం పైనే గదా అన్నాను ఫోన్లో, అది నవ్వలేదు. పరీక్షకి చదవాల్సిన రోజుల్లో అది ప్రయోగశాలలో కూర్చుని చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేసిందట. సీసాలో ఏదో తప్పుందేమోనని సీసా మార్చింది, మిషను తప్పేమోనని మిషను మార్చింది, తన చేతే తప్పేమోనని పక్క అమ్మాయి చేత చేయించింది. ఎన్నిసార్లు చేసినా ఒకటే వచ్చింది, ఆ ఆర్నెల్ల పనికి తృప్తికరం అని రాయలేదు. క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు ఇదే బెంచీ మీద కూర్చుని ఇదే ఫోన్ చెవికి పెట్టుకుని ఏం తేలిందే అని అడిగాను. "మన వాళ్ళ రక్తానికీ, పొలం మొహం చూడని టీచరమ్మల రక్తానికీ తేడా ఏం లేదమ్మా" అంది. నాకు సంతోషం వేసింది. ఎందుకు దాచాలి, ఒళ్ళంతా పొంగింది. మా రక్తానికీ వాళ్ళ రక్తానికీ తేడా లేదని హైదరాబాదులో పెద్ద మిషను చెప్పింది. మా అమ్మకి దోసిట్లో పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళు, కడవ తాకనిచ్చేవాళ్ళు కాదు. మా అమ్మ బతికుంటే చెప్పేదాన్ని, వినవే, తేడా లేదంట అని. "మంచిదే గదమ్మాయ్" అన్నాను. "తేడా ఉండాలమ్మా. లేకపోతే నేను చేసిందంతా తప్పు" అంది క్రిస్టీనా. ఆ తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. చర్చి ముందర వేపచెట్టు కింద, ఆ ఆదివారం, నా నోట్లో ఉంది.

క్రిస్టీనా ముందే రాసింది. అంత స్పష్టంగా రాసింది. మందు కొట్టిన రోజు సాయంత్రమే రక్తం తీయాలమ్మా, పొలం గట్టు మీదే తీస్తాం, ఎవర్నీ ఇంటికి పంపొద్దు, రెండు మూడు రోజులు దాటితే మందు జాడ పోతుంది. కూడబలుక్కుని మరీ చదివాను. అర్థం కాక చేశానని అనడానికి లేదు. గట్టు మీద మా వాళ్ళు ఎలా ఉంటారో నాకు తెలుసు. మగవాళ్ళు మందు కొడుతుంటే ఆడవాళ్ళు చెరువు నుంచి నీళ్ళు మోసి, పీపాలో పోసి, కర్రతో కలిపి, ట్యాంకులు నింపి ఇస్తారు. సాయంత్రానికి మోచేతుల దాకా తెల్లటి చారలు, పైన వేసుకున్న మగవాళ్ళ పాత చొక్కా ఒంటికి అతుక్కుపోయి, ఆ కంపు. క్రిస్టీనా చేత ఈ పరిశోధన చేయించే మేడమ్ వస్తోంది హైదరాబాదు నుంచి, ఐసు పెట్టెలున్న వ్యాను వేసుకుని. ఆమె ముందు మా వాళ్ళని అలా నిలబెట్టాలా? నా కూతురు వచ్చింది ఇక్కడి నుంచా అని ఆమె అనుకోవాలా? పైగా వాన పట్టుకుంది. పదకొండు రోజులు ఎవరూ మందు కొట్టలేదు. ఆ సంగతి చెబితే వ్యాను రాదు, మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో, పంట అయిపోతుందేమో. శనివారం కొడుతున్నారు, ఆదివారం రండి అని ఫోన్లో చెప్పాను. అమ్మా, శనివారం సాయంత్రమే వస్తాం అంది. శనివారం రాత్రయిపోద్ది, చీకట్లో ఎట్టా తీస్తారే, ఆదివారం పొద్దునైనా ఒక్కరోజేగా అన్నాను. ఒప్పుకుంది. నా మాట కదా.

ఆరాధన అయ్యాక అందరూ తెల్లచీరల్లో వేపచెట్టు కింద వరసగా కూర్చున్నారు. తలకి పోసుకుని, నూనె రాసుకుని, కనకాంబరాలు పెట్టుకుని. ఎంత బాగున్నారో. మేడమ్ చేతులు జోడించింది అందరికీ. "మన రగతం గూడా హైదరాబాదు చూసొస్తదా వదినా?" అంది జయకుమారి, మా ఆయన పిన్నమ్మ కూతురు. "చూసొచ్చేదేంది, ఐసు పెట్టెలో పెడతారంట మే, నీకన్నా చల్లంగా ఉంటది" అన్నారెవరో. "అయితే నన్నే పెట్టమనండి, రగతం ఇక్కడ ఉంచుకోండి" అంది. క్రిస్టీనా కూడా నవ్వింది, చేతికి రబ్బరు తొడుగు వేసుకుంటూ. ఒక్కొక్కరికీ ఒక కాగితం. అందులో మొదటి ప్రశ్న, ఆఖరిసారి మందు ఎప్పుడు కొట్టారు. వాళ్ళకి చదువు రాదు కనుక పక్కన నేను నిలబడ్డాను, చదువొచ్చిన దాన్ని. "నిన్ననే" అన్నాను. తర్వాత మనిషికీ నిన్ననే. ఆ తర్వాత మనిషికీ. వాళ్ళు నా వంక చూసి తల ఊపారు, పున్నమ్మకి తెలుసులే అన్నట్టు. జయకుమారి వంతు వచ్చినప్పుడు, "నిన్న యాడ కొట్టాం వదినా, వానగదా" అంది. నేను దాని వంక చూశాను. చూశానంతే. "ఆఁ, నిన్ననే" అంది జయకుమారి, చెయ్యి చాపి. క్రిస్టీనా సూది గుచ్చుతోంది, తల ఎత్తలేదు. విన్నదో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. వినే ఉంటే? విని, అమ్మ చెప్పిందని ఊరుకుని ఉంటే?

పదీ నలభై. ఖాదర్ వలి టీ తెప్పించాడు, గ్లాసు పట్టుకుంటే వేడి తెలియలేదు. అలా ఊరుకోవడం క్రిస్టీనాకి కొత్త కాదు. పదహారేళ్ళప్పుడు ఒకసారి ఊరుకుంది. తొంభై ఏడులో పత్తికి పచ్చపురుగు పట్టి, ఏ మందుకీ చావక, రైతులు రెండు మూడు మందులు కలిపి కొట్టిస్తున్న ఏడు. మా ఆయన ప్రేమదాసు పొద్దున ఆరింటికి ట్యాంకు భుజానికెత్తుకున్నాడు, తొమ్మిదింటికి పత్తి చాళ్ళ మధ్యలో కూలబడ్డాడు. నోటి వెంట చొంగ, కళ్ళ వెంట నీళ్ళు. నలుగురూ మోసుకొచ్చి మంచం మీద వేశారు. ఆ నెలలో చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎంతమంది మందు తాగి పోయారో. ఎవరి దగ్గర మందు వాసన వచ్చినా తాగాడనే అనేవాళ్ళు, పోలీసులు వచ్చేవాళ్ళు, రాసుకునేవాళ్ళు, పెళ్ళాన్ని అడిగేవాళ్ళు ఇంట్లో గొడవలేంటని. ప్రేమదాసు తాగలేదు. తాగే మనిషి కాదు. కానీ ఎవరు నమ్ముతారు? బావి దగ్గర నాలుగు బిందెల నీళ్ళు పోసి, సబ్బు రుద్ది, ఆ బట్టలు గుంటలో పడేసి, ఉతికిన పంచె కట్టి, తల దువ్వి తీసుకెళ్ళాను ఆసుపత్రికి. పెళ్ళికి వెళుతున్నవాడిలా ఉన్నాడు. చిన్న డాక్టరు అడిగాడు, ఏమైందమ్మా, ఏదైనా మందు కొట్టాడా అని. అడిగాడు. అది నేను మర్చిపోను, అతను సరిగ్గా అదే అడిగాడు. "లేదండి, ఎండకి కళ్ళు తిరిగినయ్యండి" అన్నాను. పక్కన క్రిస్టీనా ఉంది, తండ్రి చెప్పులు చేత్తో పట్టుకుని. నా వంక చూసింది. ఊరుకుంది. గ్లూకోజు పెట్టారు. సాయంత్రం పెద్ద డాక్టరు వచ్చి కళ్ళు విప్పి చూసి, నల్లగుడ్డు లోపల ఆవగింజంత చుక్క చూసి, ఎవరు చెప్పారయ్యా ఎండ అని, ఇది పురుగుమందు విషం అని కేకలేశాడు. అప్పుడు విరుగుడు సూది కోసం పరిగెత్తారు. తెల్లారకముందే అయిపోయింది.

కడగడం మంచిదేనమ్మా, కడగాలి కూడా అంది క్రిస్టీనా రెండేళ్ళ కిందట, దాని పుస్తకంలో చూసి, నేను అడగకుండానే. ఆ మాట పట్టుకుని బతికాను నేను. కడగడం మంచిదే. మిగతాది అది అనలేదు, నేను అడగలేదు. నాకు ముప్పై తొమ్మిదో ఏట ఇమ్మానుయేలు మాస్టారు చర్చి వరండాలో సాయంత్రాలు పలక పట్టించారు. అందరూ బైబిలు చదవాలని వచ్చారు, నేనూ అదే చెప్పాను. ఇంట్లో అటక మీద సంచిలో ప్రేమదాసు కొట్టిన మందు డబ్బా ఉంది. ఎవరికీ తెలీకుండా దాచాను. గుణింతాలు వచ్చాక, వత్తులు వచ్చాక, ఒక మధ్యాహ్నం తలుపేసుకుని కిందికి దించాను. పేరు చదివాను, ఒక్కో అక్షరం. ఎర్ర గుర్తు కింద చీమల బారులాంటి అక్షరాలు. కళ్ళు తిరిగినా, చెమట పట్టినా, వాంతి అయినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, ఈ డబ్బా చూపించండి. నాలుగేళ్ళు నా నెత్తి మీద అటకలో ఆ మాట ఉంది. చూపించండి. ఆ రోజు అనుకున్నాను, చదువు రాక చేశాను, వచ్చి ఉంటే చెయ్యను అని. ఆ తర్వాత చదువు వచ్చింది. క్రిస్టీనా ఉత్తరం నేనే చదివాను. చదివి కూడా ముప్పై ఎనిమిది మందికి తలంటి, తెల్లచీరలు కట్టించి, డాక్టరు ముందు కూర్చోబెట్టి, మందు జాడ కడిగేసి, ఆయనకి చేసిందే వాళ్ళకీ చేశాను. డాక్టరు అడిగింది. మళ్ళీ అదే అడిగింది. ఈసారి అడిగిన డాక్టరు నా కూతురు.

"ఖాదరూ, ఒక తెల్లకాగితం ఇయ్యి. కలం గూడా."

"ఎవరికక్కా?"

"వాళ్ళకి."

అతను సంస్థ కాగితం తీసుకుని పైన ముద్ర పక్కన నంబరు చూశాడు. ఫ్యాక్స్ నంబరుందక్కా, పంపొచ్చు అన్నాడు. పదకొండుకి ఎనిమిది నిమిషాలు తక్కువ. ఒక పేజీ రాయడానికి నాకు గంట పడుతుంది, ఉన్నది గంట కాదు. రాస్తే ఏమవుతుంది? తల్లే అబద్ధం చెప్పిందంటే కూతురికి తెలియకుండా ఉంటుందా అంటారేమో, కలిసి చేశారంటారేమో, ఉన్న తప్పు చాలక దొంగతనం కూడా అంటగట్టి మొత్తం చదువులోంచే గెంటేస్తారేమో. రాయకపోతే? యాభై రెండు మార్కులూ, తేడా లేని రక్తమూ, ఈ రెండు తప్పులతో బయటికి వస్తుంది. డాక్టరవుతుంది. మంచి డాక్టరే అవుతుంది. తను చేసిన పని తప్పని, తన చేతే తప్పని జీవితమంతా అనుకుంటుంది. మళ్ళీ మందు కొట్టే రోజులు వస్తాయి, జయకుమారి నీళ్ళు మోస్తుంది, మోచేతుల దాకా చారలు, అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. మా ఇంట్లో అడగకుండా ఊరుకోవడం బాగా అలవాటైపోయింది. కలం గట్టిగా పట్టుకున్నాను, మాస్టారు అలా పట్టుకోవద్దనేవారు.

అయ్యలారా, నేను క్రిస్టీనా తల్లిని. పేరు పున్నమ్మ. మీ దగ్గరున్న రక్తం పొలం నుంచి వచ్చింది కాదు. ఆదివారం చర్చి నుంచి వచ్చింది. దానికి ముందు పదకొండు రోజులు వాన వల్ల మా ఊళ్ళో ఎవరూ మందు కొట్టలేదు. నిన్న కొట్టారని చెప్పింది నేను. ఆడవాళ్ళు నా మాట మీద తల ఊపారు. వాళ్ళు మురికిగా కనపడకూడదని చేశాను. నా కూతురికి ఈ సంగతి తెలియదు. మళ్ళీ మందు కొట్టే రోజున రండి. ఈసారి గట్టు మీదే ఉంటాం. ఇది నేనే రాశాను.

కింద పేరు రాశాను. పదకొండు ఇరవై అయింది. ఖాదర్ వలి చదవలేదు, చదవనట్టే తీసుకుని ఫ్యాక్స్ మిషనులో పెట్టాడు. అది కాగితాన్ని మెల్లగా లోపలికి లాక్కుంది, గరగరమంది, మళ్ళీ బయటికి వదిలేసింది. కాగితం ఇక్కడే ఉంది. "పోలేదా?" అన్నాను. "పోయిందక్కా. రాత పోయింది, కాగితం నీదే" అన్నాడు. చేతికిస్తే తీసుకున్నాను, కొంచెం వేడిగా ఉంది. వెనక్కి తీసుకునే దారి లేదు ఇంక. రోడ్డు మీద బస్సు ఆగింది, దిగినవాళ్ళు తుమ్ముకుంటూ వెళ్ళారు. పదకొండున్నర. పన్నెండుకి పావు తక్కువ. పన్నెండు. పన్నెండుంబావు. ఎవరో దాచేపల్లికి ఫోన్ చేయాలని వస్తే ఖాదర్ వలి లైను ఖాళీ లేదన్నాడు, పక్క బూత్‌కి పొమ్మన్నాడు.

మోగింది. అతను తీయలేదు, నా వైపు జరిపాడు.

"అమ్మా" అంది క్రిస్టీనా.

"ఆఁ."

"నీ కాగితం వచ్చింది. వాళ్ళకి నీ రాత అర్థం కాలేదు. నన్నే పైకి చదవమన్నారు."

అందరి ముందు, నిలబడి, నా మాటలు అది చదివింది. కళ్ళు మూసుకున్నాను. "చదివావా?"

"మొత్తం చదివాను."

"ఏమన్నారే?"

"ఇంకా ఏం తేల్చలేదు. బయట కూర్చోమన్నారు. మేడమ్ లోపలే ఉంది, నాతో మాట్లాడలేదు." గొంతులో ఏడుపు లేదు. కోపం ఉందో లేదో తెలియలేదు. ఈ పూటకింక ఊరుకుంటుందనుకున్నాను, ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

"అమ్మా, నాన్న ఆఖరిసారి మందు ఎప్పుడు కొట్టాడు?"

ఖాదర్ వలి లేచి బయటికి వెళ్ళి అరుగు మీద నిలబడ్డాడు.

"ఆ రోజు పొద్దున ఆరింటికి మొదలుపెట్టాడు. తొమ్మిదింటికి పడ్డాడు. నేనే స్నానం చేయించా. ఎండని చెప్పా" అన్నాను.

"ఏ మందు?"

డబ్బా మీది పేరు చెప్పాను, ఒక్కో అక్షరం విడదీసి, తొందరపడకుండా. అటుపక్క కాగితం మీద కలం కదులుతున్న చప్పుడు వినిపించింది.